చరిత్రలో స్త్రీ: తెలంగాణ పల్లెల సాక్ష్యం

1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించింది. స్త్రీలు పుట్టుకతోనే అబలలని, అవివేకులని పండితులు చేస్తున్న వాదానికి ఆమె కోపంతో గాక చరిత్రతో సమాధానం చెప్పదలచింది. బడికి పోని ఆడపిల్ల, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సహాయంతో చదువుకుని, దేశ చరిత్రలోని స్త్రీలను ఒక్కొక్కరినే వెతికి కూర్చిన గ్రంథమది. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీయే రాయడం దానితో మొదలైంది. ఆ కాలానికి అది సాహసం. అందులో సందేహం లేదు.

అయితే రత్నమాలకొక స్వభావం ఉన్నది. హారం కూర్చేవారు మేలిమి రత్నాన్ని ఏరుకుంటారు, దారానికి గుచ్చుతారు. ఆ రత్నం ఏ గనిలో పుట్టింది, దాన్ని తవ్వినవారెవరు, దాని పక్కన ఉన్న రాయి ఏమైంది అని అడగరు. అచ్చమాంబ తర్వాత నూట ఇరవై ఏళ్ల పైచిలుకు గడిచినా ప్రసిద్ధ స్త్రీలను గురించిన మన రచనలు చాలావరకు ఆ దారానికే వేలాడుతున్నాయి. రాణుల స్థానంలో వీరనారులు వచ్చారు, అంతే. ఏరుకునే పద్ధతి మారలేదు.

నా వాదానికి ఉదాహరణగా నల్లగొండ, వరంగల్లు పల్లెల స్త్రీలను తీసుకుంటాను. 1940లలో నిజాం రాజ్యపు దేశ్‌ముఖుల మీద తిరగబడిన రైతాంగంలో వీరు సగం. వీరిని మన నవల ఎలా చూసింది, మన చరిత్ర గ్రంథం ఎలా చూసింది, చివరకు వీరే నోరు విప్పినప్పుడు ఏమి చెప్పారు అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ పేరు తెలియనివారు నేడు తెలంగాణలో లేరు. 1895లో పుట్టి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. గడీ ముందు చాకలి అన్న మాట చాకిరీకి పిలుపు. అదే మాట ఇవాళ విశ్వవిద్యాలయం పేరులో 'వీరనారి' పక్కన నిలిచింది. ఇది చిన్న మార్పు కాదు. దీన్ని ఎకసెక్కం చేసేవారితో నాకు ఏకీభావం లేదు.

కాని ఊరూరా వెలసిన విగ్రహాలను చూడండి. చేతిలో కర్రో కొడవలో, ముఖంలో ఆగ్రహం. చూసి వచ్చిన కుర్రవాణ్ణి ఐలమ్మ ఎవరని అడిగితే, దొరను ఎదిరించిన వీరవనిత అంటాడు. ఎందుకు ఎదిరించింది అని అడిగితే తడుముకుంటాడు. తప్పు కుర్రవాడిది కాదు. కథను మనం అతనికి అలా అందించాము.

ఐలమ్మ కథలో ప్రధానమైన మాట 'వీరం' కాదు, 'కౌలు'. ఆమె మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని, కుటుంబంతో సాగు చేసింది. గడీలో బట్టలుతకవలసిన కులంలో పుట్టిన ఆడది వెట్టి మానుకుని వ్యవసాయదారు కావడం, పైగా ఆంధ్ర మహాసభలో చేరడం విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డికి కంటగింపయింది. భూమి లాక్కోవాలని చూశాడు. వ్యాజ్యం నడిచింది, అతనికి నెగ్గుబాటు కాలేదు. అప్పుడు చేతికొచ్చిన పంట మీద పడ్డాడు. అతని మనుషులు కోతకు దిగితే సంఘం వాలంటీర్లు గుత్పలు పట్టుకుని వచ్చి తరిమారు. పంట కోసి, నూర్చి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆ పైన ఇల్లు దోపిడీ అయింది, నిప్పు పెట్టారు. భూమి మాత్రం ఆమె వదలలేదు.

ఈ వరుసను గమనించండి. మొదట ఒప్పందం, తర్వాత సాగు, తర్వాత కోర్టు, తర్వాత సంఘం, ఆ తర్వాతే కర్ర. ఆమెకు చట్టం తెలుసు, పంట లెక్క తెలుసు, ఒంటరిగా నిలబడితే నిలవలేననీ తెలుసు. ఆలోచించి అడుగు వేసిన మనిషి ఆమె. విగ్రహం చివరి క్షణాన్ని మాత్రం పట్టుకుని ముందరి ఆలోచనను వదిలివేసింది. ఆగ్రహం మిగిలింది, బుద్ధి పోయింది. 'స్త్రీకి ఆవేశమే గాని ఆలోచన లేదు' అని అచ్చమాంబ కాలపు పండితులు అన్నదానికీ దీనికీ ఎంత దూరం?

ఇదే కథలో మరొక స్త్రీ ఉన్నది. విసునూరు దేశ్‌ముఖు తల్లి జానకమ్మ. కడవెండిలో ఆమెది నిరంకుశాధికారం. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద గడీ మనుషులు కాల్పులు జరిపినప్పుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. స్త్రీ అనగానే పీడితురాలు అనుకునే రచయిత ఈ దొరసానిని ఏం చేస్తాడు? రాక్షసి అని పక్కన పెడతాడు. కాని జానకమ్మ రాక్షసి కాదు, భూమి. ఆ భూమి మీద అధికారం చేతికి వస్తే స్త్రీ కూడా గడీయే అవుతుంది. ఐలమ్మనూ జానకమ్మనూ పక్కపక్కన నిలిపి చూడగలిగినప్పుడే స్త్రీల చరిత్ర రత్నమాల నుంచి బయటపడుతుంది.

2

ఇక నవల. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' తెలంగాణ పల్లెను తెలుగు నవలలోకి తెచ్చిన గ్రంథం. వెట్టి, నాగు, గడీ, గ్రంథాలయం, కంఠీరవమనే యువకుడి చైతన్యం, అన్నీ రచయిత జీవితంలోంచి వచ్చినవే. పల్లె పల్లెకు పుస్తకాలు మోసి, జైళ్లలో గడిపిన మనిషి రచన కాబట్టి అందులో అబద్ధం లేదు. ఆయన 1961లో మరణించాక వెలువడిన అసంపూర్ణ నవలకు స్త్రీ పేరే పేరు, 'గంగు'. ఆ దారిలో ఆయన ఇంకా నడవదలచినట్టు ఇది సూచిస్తుంది.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. దొర బిడ్డకు అరణంగా పంపే దాసి 'ఆడబాప'. గడీలో ఆమె బతుకు ఎలాంటిదో బాహాటంగా చూపిన నవల అది. అంతవరకు అందరికీ తెలిసి ఎవరూ రాయని విషయం. ఆ రుణం తెలుగు నవల మరచిపోరాదు.

ఈ ఇద్దరి పట్ల గౌరవంతోనే ఒక మాట అనక తప్పదు. మన అభ్యుదయ నవలలో ఎక్కువ భాగం ఒక పంపకం చేసుకున్నది. పీడన ఎంత క్రూరమైనదో చూపవలసి వచ్చినప్పుడు స్త్రీ వస్తుంది. చైతన్యం ఎలా పుడుతుందో చూపవలసి వచ్చినప్పుడు పురుషుడు వస్తాడు. ఆమె శరీరం మీద దెబ్బ పడితే అతని కళ్లు తెరుచుకుంటాయి. ఆమె గాయం అతనికి పాఠం. నవల ముగిసేసరికి అతడు నాయకుడు, ఆమె జ్ఞాపకం. ఈ పంపకాన్ని ఏ రచయితా దురుద్దేశంతో చేయలేదు. సానుభూతితోనే చేశాడు. విమర్శకుడు పట్టుకోవలసింది ఆ సానుభూతినే. జాలి ఎంత గాఢమైనా జాలిపడ్డ మనిషికి ఆలోచన ఉన్నట్టు ఒప్పుకోవడం కాదు.

వాస్తవంలో ఏమి జరిగింది? కరివిరాల కొత్తగూడెం భూస్వామి కుటుంబంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం, పదిహేనేళ్లైనా నిండకముందే ఊళ్లు తిరిగి సభల్లో మాట్లాడింది. బతుకమ్మ ఆడే స్త్రీల ఉయ్యాల పాట బాణీని తీసుకుని అందులో వెట్టిని, కూలి రేట్లను, సంఘాన్ని నింపింది. పత్రిక చదవలేని స్త్రీకి ఏ భాషలో రాజకీయం చెప్పాలో ఆమెకు తెలుసు. ఇది సాహిత్య ప్రక్రియకు సంబంధించిన నిర్ణయం. శిల్పం గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మనం దీన్ని శిల్ప చర్చలో ఎన్నడైనా చేర్చామా? దళంలో 'రాజక్క' పేరుతో తిరిగిన ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టిందన్నది మాత్రం అందరూ చెబుతారు. 2019లో ఆమె చెప్పగా వెలువడిన ఆత్మకథకు 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు. అందులో ముందున్న పదం మాట. మనం మాటను వదిలి తుపాకిని పట్టుకున్నాం.

3

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన బృహద్గ్రంథంలో స్త్రీలకొక అధ్యాయం ఉన్నది. ఉద్యమ నాయకుడు రాసిన చరిత్రలో స్త్రీల పేర్లు, ఊళ్లు, వారు పడిన హింసలు, చూపిన తెగువ నమోదు కావడం ఆనాటికి విశేషమే. ఆ అధ్యాయం లేకపోతే అనేకమంది పేర్లు కూడా మిగిలేవి కావు.

కాని అధ్యాయం అన్నదే చిక్కు. స్త్రీలను ఒక అధ్యాయంలో కూర్చోబెట్టినప్పుడు మిగిలిన అధ్యాయాలు పురుషులవి అవుతాయి. భూమి పంపకం ఒక అధ్యాయం, దళ నిర్మాణం ఒక అధ్యాయం, పోలీసు చర్య ఒక అధ్యాయం, స్త్రీలు ఒక అధ్యాయం. మరి పంచిన భూమిలో నాటు వేసింది ఎవరు? దళానికి రాత్రి అన్నం మోసింది ఎవరు? 1948 సెప్టెంబరు 17 తర్వాత యూనియన్ సైన్యం దళాల మీదికి మళ్లి, మగవాళ్లు అడవి పట్టినప్పుడు, ఊళ్లలోని క్యాంపులకు ఎదురుగా నిలబడి, తెలిసీ తెలియదని చెప్పింది ఎవరు? గెరిల్లా యుద్ధంలో ఆహారం, వార్త, దాగుచోటు, ఈ మూడూ లేకుండా తుపాకి పది రోజులు బతకదు. ఈ మూడూ చాలావరకు స్త్రీల చేతుల్లో ఉన్నాయి. అంటే వారి స్థానం అనుబంధంలో కాదు, పోరాటపు అర్థశాస్త్రంలో ఉన్నది.

ఈ లోటును పూరించిన గ్రంథం 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ పోరాట స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, మాట్లాడించి, వారి మాటలనే అచ్చు వేశారు. 'మనకు తెలియని మన చరిత్ర' అన్నారు. 1989లో వచ్చిన ఇంగ్లీషు గ్రంథం పేరుకు అర్థం 'మేము చరిత్ర నిర్మిస్తున్నాం ఆనాడు' అని. రెండు పేర్లనూ పక్కన పెట్టి చూడండి. తెలుగు పేరులో మాట్లాడేది పాఠకుడు, తన అజ్ఞానాన్ని ఒప్పుకుంటున్నాడు. ఇంగ్లీషు పేరులో మాట్లాడేది ఆ స్త్రీలు, తాము ఏం చేస్తున్నారో తమకు తెలుసునంటున్నారు. రెండవది ఇంకా పెద్ద మాట. తెలుగులో మనకు కావలసింది ఆ రెండవ మాటే.

ఆ పుస్తకంలో ఐలమ్మ ఉన్నది, స్వరాజ్యం ఉన్నది, దూడల సాలమ్మ, కమలమ్మ, ప్రియంవద ఉన్నారు. హైదరాబాదు నగరం నుంచి జమాలున్నిసా, బ్రిజ్‌రాణి ఉన్నారు. అందరిదీ ఒకే గొంతు కాదు. కొందరి మాటలో గర్వం, కొందరి మాటలో ఇంకా ఆరని మంట. అడవిలో కన్నబిడ్డను దళం భద్రత కోసం ఎవరికో ఇచ్చివేయవలసి వచ్చిన తల్లి ఉన్నది. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించిన తర్వాత తమను ఇంటికి, వంటకు తిరిగి పొమ్మన్నారని చెప్పిన స్త్రీలు ఉన్నారు. తుపాకి పట్టిన చేతికి మళ్లీ గరిటె ఇవ్వడంలో తప్పేమున్నదో ఆనాడు చాలామంది నాయకులకు తట్టలేదు. చరిత్ర గ్రంథం విరమణ తేదీ దగ్గర ఆగిపోతుంది. ఈ స్త్రీల కథలు అక్కడ మొదలవుతాయి.

ఇలాంటి పని మన దగ్గరే జరిగిందని కాదు. సరిగ్గా ఆ ముందటేడు, 1985లో, బైలోరష్యా రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్ రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల మాటలను కూర్చి పుస్తకం తెచ్చింది. విజయోత్సవాల్లో పతకాలు తొడుక్కున్న స్త్రీలు ఇంట్లో చెప్పుకున్న యుద్ధం వేరని ఆమె చూపింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వస్తే, వాఙ్మూలం కూడా సాహిత్యమేనని ప్రపంచం ఒప్పుకున్నది. మన హైదరాబాదు పుస్తకాన్ని మనం సాహిత్య విమర్శలో చేర్చుకోవడానికి ఇంకా తటపటాయిస్తున్నాం. సమాజ శాస్త్రమని పక్కకు నెడుతున్నాం.

వాఙ్మూలాలకు లోపాలు లేవని నేను అనను. ముప్పై ఐదేళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకంలో తేదీలు తారుమారవుతాయి, అడిగినవారి ప్రశ్న జవాబును కొంత మలుస్తుంది. వాటిని సాధికార పత్రాలతో సరిచూడవలసిందే. కాని ప్రభుత్వ దస్తావేజుల్లో ఐలమ్మ ముద్దాయి మాత్రమే, గడీ లెక్కల్లో చాకలి మాత్రమే. ఆమె ఆలోచన ఎక్కడ దొరుకుతుంది, ఆమె నోట తప్ప?

4

ఇక్కడ మన అభ్యుదయవాదులకు రుచించని సంగతి ఒకటి ఉన్నది. పోరాట స్త్రీలలోనూ చరిత్ర అందరికీ సమానంగా పంచలేదు.

మంతపురిలో 1920లో పుట్టిన ఆరుట్ల కమలాదేవి చిన్నతనంలోనే కొలనుపాక భూస్వామి కుటుంబపు కోడలై, భర్త రామచంద్రారెడ్డితో పాటు ఉద్యమంలోకి వచ్చి, అజ్ఞాతవాసమూ జైలూ అనుభవించింది. 1952 ఎన్నికల్లో ఆలేరు నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచింది, ఆ తర్వాతా గెలిచింది. మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభ్యురాలైంది. 2022 మార్చి 19న మరణించేదాకా ప్రజల మధ్యే ఉన్నది. ఇద్దరూ తమ వర్గ ప్రయోజనాన్ని వదులుకుని వచ్చినవారు. వారి త్యాగం తక్కువది కాదు.

కాని ఐలమ్మ ఏ సభకూ పోలేదు. దళంలో తిరిగిన వెట్టి కుటుంబాల స్త్రీలూ పోలేదు. చదువు, బంధువర్గం, ఇంటిపేరు, ఇవి పోరాటం ముగిసిన తర్వాత కూడా పనిచేశాయి. భూస్వామ్యాన్ని ఎదిరించిన ఉద్యమంలో కూడా భూస్వామ్యం కొంత మిగిలిపోయిందని ఒప్పుకోవడం ఉద్యమాన్ని కించపరచడం కాదు. ఒప్పుకోకపోవడమే కించపరచడం.

స్త్రీల చరిత్ర సభావేదిక నుంచి మొదలవుతుందనుకోవడమూ ఇలాంటి పొరపాటే. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు పక్కనే మహిళాసభ జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. చదువు, బాల్యవివాహం, పరదా వంటి విషయాలు చర్చకు వచ్చాయి. అవసరమైన చర్చలే. కాని పల్లె కూలి స్త్రీ ఆ సభ తలుపు గుండా రాజకీయాల్లోకి రాలేదు. కూలి గింజల తగాదా గుండా, పంటచేను గుండా వచ్చింది. మన చరిత్రకారులకు సభ నివేదిక దొరికినంత సులభంగా పంటచేను నివేదిక దొరకలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా పామర్రులో 1918లో పుట్టింది. ఉద్యమంలో పాటలు పాడింది, రహస్య జీవితం గడిపింది. తర్వాత భర్త విడిచిపెట్టాడు. ముప్పై దాటిన వయసులో మళ్లీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతికింది. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చేటప్పటికి తొంభై దాటింది. ఆ పుస్తకంలో నన్ను నిలవేసినది దుఃఖం కాదు, ఫిర్యాదు లేకుండా లెక్క చెప్పిన తీరు. ఎవరినీ దూషించదు. జరిగినది జరిగినట్టు చెబుతుంది. చదివిన తర్వాత తీర్పు చెప్పవలసిన భారం మన మీద పడుతుంది. తెలుగు వచనంలో ఇంతటి సంయమనం అరుదు.

5

ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. వేలమంది ప్రాణాలొడ్డిన పోరాటంలో వంట ఎవరు చేశారు, పదవి ఎవరికి వచ్చింది అని అడగడం చిల్లర లెక్క కాదా? వెట్టి పోయింది, కూలి పెరిగింది, భూమి పంచారు. అది చాలదా?

చాలదనే ఆ స్త్రీలు చెప్పారు. పోరాటం తప్పని వారిలో ఎక్కువమంది అనలేదు. ఆ రోజుల్లోనే తాము మనుషులమని తెలుసుకున్నామన్నారు. అలా తెలుసుకున్నారు గనుకనే తర్వాతి కాలాన్ని నిలదీశారు. పోరాటం వారికి ఇచ్చిన కొలబద్దతోనే పోరాటాన్ని కొలిచారు. అభ్యుదయ విమర్శ చేయవలసిన పని సరిగ్గా అదే. మనకంటే ముందే, మనకంటే తక్కువ చదువుతో వారు చేశారు.

ఇది రాస్తున్నది హైదరాబాదు అంచున ప్రగతి నగర్‌లో. పాలకుర్తి ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే పదకొండు నెలల ఒప్పందపత్రం రాసుకుంటాడు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అన్నీ కాగితం మీద ఉంటాయి. అదే పల్లెలో భూమి కౌలుకు చేసే స్త్రీకి చాలా చోట్ల నోటిమాటే ఆధారం. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ఉన్నది. 2011లో కౌలుదారుకు రుణార్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. అయినా 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టినప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాకు పోయింది గాని కౌలుదారుకు అందలేదు.

ఐలమ్మ కౌలుదారు. ఆమె బతికి ఉండి, అదే భూమిని అదే కౌలుకు చేస్తూ ఉంటే, ఆ పథకంలో ఆమెకు ఒక్క రూపాయి వచ్చేది కాదు. మల్లంపల్లి భూస్వామికి వచ్చేది. ఈ సంగతి ఆమె విగ్రహం ముందు పూలదండ వేసే సభల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తాలంటే ఆమె కర్ర ఎత్తిందన్న దానికంటే ముందు, కౌలు చేసిందని గుర్తుండాలి.

మన రచయితలు ఇకనైనా చేయవలసినది కొంత ఉన్నది. ఐలమ్మ మీద పద్యాలు చాలినన్ని వచ్చాయి. ఆమె వ్యాజ్యం మీద ఒక నవల రావాలి. ఉయ్యాల పాట రాజకీయ ప్రక్రియగా ఎలా మారిందో ఒక పరిశోధన రావాలి. దళాలకు అన్నం మోసిన స్త్రీల మనుమరాళ్లు నేడు ఈ నగరంలోనే ఎన్నో ఇళ్లలో పనిచేస్తున్నారు. ముసలమ్మ చెప్పగా విన్నది వారిలో ఎవరికైనా గుర్తుండవచ్చు. ఎవరైనా వెళ్లి, కూర్చుని, అడగాలి. ఆలస్యం చేస్తే అడగడానికి ఎవరూ ఉండరు.